మూడో గేరు

సుంకి చెక్‌పోస్టు దాటాక ఎడంపక్క
రేకుల షెడ్డు నాది. బోర్డు రెండు లిపుల్లో ఉంటుంది.
ఒడియాలో నా పేరు తప్పు రాశాడు పెయింటరు.
పదకొండేళ్లయింది, దిద్దించలేదు.
బళ్లు పేరు చదివి ఆగవు కదా.

మంచు ఇంకా విడవలేదు.
దమన్‌జోడిలో తెల్లపొడి ఎత్తుకుని సాలూరు దిగాల్సిన
పద్నాలుగు చక్రాల బండి నా ముందు ఆగింది.
తవుడు దిగలేదు, కిటికీలోంచే అన్నాడు:
"మూడో గేరు ఉండట్నేదు మావా. జారిపోతంది."

అందరూ అదే మాట. జారిపోతంది.
ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?
కాలు నొక్కినప్పుడా, తీసినప్పుడా?
అడిగితే విసుక్కుంటారు.
జ్వరమని వచ్చినవాణ్ణి
పగలా రాత్రా అని అడగరా ఏం?

కోరాపుట్‌లో ఇద్దరు చూశారట.
ఒకడు సింక్రో రింగన్నాడు, ఒకడు ఫోర్కన్నాడు.
పెట్టె దింపాలన్న దగ్గర మాత్రం
ఇద్దరికీ మాట కలిసింది.

ముందు నూనె.
అడుగు బిరడా వదులుచేసి అరచేతిలోకి పట్టాను.
పచ్చటి మెరుపుంటే ఇత్తడి, రింగులు తినేస్తోంది.
బిరడా అయస్కాంతానికి ఇనప పెచ్చులుంటే
పళ్లు రాలుతున్నాయి.
పాలలా ఉంటే ఏ వాగులోనో మునిగొచ్చింది.
ఇది నల్లగా, వేళ్ల మధ్య గరుకన్నది లేకుండా జారింది.
మాడు వాసన కూడా లేదు.

తర్వాత చెవి.
కుడిది పనిచెయ్యదు, ఎయిర్ హారన్ల పుణ్యం.
పొడుగు స్క్రూడ్రైవరు మొన పెట్టెకి ఆనించి
పిడిని పళ్లతో కరుచుకుంటాను.
ఎముకలోంచి వచ్చే చప్పుడు అబద్ధమాడదు.
న్యూట్రల్లో ఊళపెట్టి, క్లచ్చి తొక్కగానే నోరు మూస్తే
బేరింగు.
ఒక్క గేరులోనే టకటకమంటే ఆ గేరు పన్ను.
ఇది నా దవడలో తుమ్మెదలా పాడింది.
ఇంత ఆరోగ్యంగా ఉన్నదానికి
ఏం జబ్బని చెప్పను?

క్యాబిన్‌లోంచి బుద్రా పిలిచాడు.
పరజా పిల్లాడు, రెండేళ్లుగా నా దగ్గరే,
మాటలు తక్కువ.
గేరు రాడ్డుకి చుట్టి, సీటు కింద ఇనుముకి లాగి కట్టిన
సైకిలు ట్యూబు చూపించాడు.

"ఇదెప్పట్నించి?"
తవుడు మంచులోకి చూశాడు.
చెయ్యి చాపమన్నాను. ఎడమ అరచేతిలో
రాడ్డు గుండు ఎంతుందో అంత కాయ.
నాలుగు నెలలట.
ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గేరు,
మలుపులో రెండు చేతులూ కావాలి కాబట్టి ట్యూబు.
ఘాటు మొత్తం, నలభై టన్నులు,
పంచరు అతికించిన ఆ రబ్బరు ముక్క మీద.
తిడదామనుకున్నాను.
చేతిలో కాయ చూశాక నోరు రాలేదు.

బ్రేకు బిగబట్టి, గేరేసి,
క్లచ్చి కొంచెం వదలమన్నాను.
"నొక్కు. తియ్యి. నొక్కు."
రాడ్డు నేను ముట్టుకోలేదు, చూశానంతే.
అది ముందుకి తలూపింది, వెనక్కి తలూపింది,
అడిగినదానికల్లా అవునన్నట్టు.

గేరు పెట్టెలోంచి జారట్లేదు.
పెట్టే జారుతోంది గేరుని వదిలేసి.

కిందకి దూరాను. మౌంటింగు రబ్బరు
బూజు పట్టిన రొట్టెలా రెండుగా చీలి ఉంది.
రెండోదీ అదే దారిలో.
రబ్బర్లు రెండు, బోల్టులు నాలుగు, నా కూలి.

ఫోన్లో ఓనరు చాలాసేపు నమ్మలేదు.
"పెట్టె ఇప్పకుండా ఎలా తెలిసిందయ్యా నీకు?
ఇప్పి ఓపాలి చూడు."
పెద్ద బిల్లుకి గొడవపడతారు,
చిన్న బిల్లుని అనుమానిస్తారు.
విప్పనన్నాను.

పన్నెండింటికి బండి కదిలింది.
ట్యూబు పారెయ్యమంటే
తవుడు మడతపెట్టి సీటు కింద దాచాడు.
నేనేం అనలేదు. ఆ చెయ్యి నాది కాదు.

ఎడంచెవి లోయ వైపు తిప్పి నిలబడ్డాను.
మొదటి మలుపు, రెండోది. తర్వాత ఒక మేకల మంద
గంటలు మోగిస్తూ అడ్డొచ్చింది.

వెనక్కి చూస్తే బుద్రా
స్క్రూడ్రైవరు పిడి కరుచుకుని
మొన తారురోడ్డుకి ఆనించి బోర్లా పడుకున్నాడు.
"ఏటి వినబడతందిరా?"
పిడి తియ్యకుండానే అన్నాడు,
"కిచ్చి నాయ్."
ఏమీ లేదు.