అర్మీందు బకెట్టు

మిందేలోలో నీళ్ళు కొనుక్కోవాలి.
దీవి చుట్టూ సముద్రమే,
గొంతు తడవాలంటే మాత్రం లారీ రావాలి.
ఆ లారీని ముప్ఫయ్యొక్క ఏళ్ళు నడిపినవాడు
మా పక్కింటి అర్మీందు.

ఉద్యోగం దిగిన రోజున కంపెనీ గడియారం ఇచ్చింది.
దాన్ని జేబులో పడేసి
కాగితంపూల మొక్కొకటి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు,
ఆసుపత్రి నుంచి చంటిదాన్ని తెచ్చినట్టు.
మా రెండిళ్ళ మధ్య గోడ పక్కన,
రోజంతా ఎండ పడేచోట గొయ్యి తీశాడు.
కుండీ పగలగొట్టు, వేళ్ళ మట్టి విదపకు,
విదిపావా ఏడాది అలుగుతుంది, అన్నాను.
విన్నాడు.
నేను చెప్పినవాటిలో అదొక్కటే విన్నాడు.

పొద్దున బకెట్టు. సాయంత్రం బకెట్టు.
గిన్నెలు కడిగిన నీళ్ళతో గచ్చు తుడిచి
గచ్చు తుడిచిన నీళ్ళు దొడ్లో పోసే వీధి మాది.
ఈయన మొక్కకి మంచినీళ్ళు!
"ఇన్నాళ్ళూ ఊరి బకెట్లు నింపాను, జుల్మీరా,
ఇది నా బకెట్టు."

పెరిగింది. పెరగక ఏం చేస్తుంది?
గోడకి మేకులు కొట్టి పాత చేపలవల కట్టాడు.
దాన్ని పట్టుకుని పైకెక్కింది,
గోడ దాటింది,
నా బట్టల తీగ మీది దుప్పటిని
కొక్కేల్లాంటి ముళ్ళతో నిలువునా చీరింది.
ఆకు. ఆకు. మళ్ళీ ఆకు.
రెండేళ్ళు, ఒక్క పువ్వు లేదు.

సమాధుల దారిలో తీగ ఒకటుంది,
రాళ్ళలో పుట్టి, మేకలు కొరికి వదిలేసింది.
ఎర్రగా మండిపోతూ ఉంటుంది.
"దానికెవరు పోస్తారు?" అన్నాడు ఓ ఆదివారం.
ఎవరూ పోయరు, అందుకే.
నువ్వూ కొన్నాళ్ళు మానెయ్,
ఆకులు వాడి వేలాడేదాకా మానెయ్.
పసివాడికి పాలు మాన్పమన్నదాన్ని చూసినట్టు చూశాడు.
"మా అమ్మ ఒక కప్పు నీళ్ళు
నలుగురికి పంచిన రోజులున్నాయి.
ఎండిన పెదవి నాకు కొత్త కాదు" అని
లోపలికెళ్ళిపోయాడు.
ఆ మాటమీద ఇంకేం మాట్లాడతాను?

మార్చిలో సహారా దుమ్ము దిగింది.
ఎదురిల్లు కనపడలేదు మూడు రోజులు.
అదే వారం సముద్రపు నీళ్ళని
తీపి చేసే ఫ్యాక్టరీలో ఏదో విరిగింది.
మనిషికి అర బిందె, వరసలో నిలబడి.
అర్మీందు తన వాటా మోసుకుంటూ
మొక్కవైపు చూడకుండా నడిచేవాడు,
అప్పిచ్చినవాడి అంగడి ముందు నడిచినట్టు.

ఆకులు రాలాయి. తీగ తాడయింది.
గోరుతో గీకి చూపించాను,
బెరడు కింద పచ్చగానే ఉంది.
నమ్మలేదు.

పదకొండో రాత్రి నిద్ర పట్టలేదు నాకు.
ఎండగట్టమని శాస్త్రం చెప్పినదాన్నే,
చెప్పుల్లేకుండా వెళ్ళి
చేపలు కడిగిన నీళ్ళు ఓ గ్లాసు
దాని మొదట్లో పోసి వచ్చాను.
అతనికి ఇప్పటికీ చెప్పలేదు.

ఇరవై మూడో రోజున
మేకపిల్ల చెవంత, కోసిన బీట్రూట్ రంగు.
మర్నాటికి గుప్పెడు.
వారానికి గోడ లేదు, వల లేదు, రంగే ఉంది.

అర్మీందు సంతోషించలేదు. తిట్టాడు.
"ఇంత పెట్టుకుని
నా మొహాన ఆకులు పరిచావా?"

నవ్వొచ్చింది నాకు.
ఒక రెమ్మ వంచి చూపించాను:
ఇది పువ్వు కాదు, చూడు.
పువ్వు ఈ మధ్యలోది,
అగ్గిపుల్ల తలంత తెల్లది.
చుట్టూ ఎర్రగా ఉన్నవి ఆకులే.

అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఆకులేనా" అన్నాడు.
మళ్ళీ అన్నాడు, మెల్లగా,
"అయితే నేను పోసింది వీటికే."

ఔననాలో కాదనాలో తెలియలేదు.

లారీ తిరిగొచ్చిన రోజు
బకెట్టు నిండా పట్టి గోడదాకా వెళ్ళాడు.
నిలబడ్డాడు. చెయ్యి వణికి
కొంచెం ఒలికింది కూడా.
వెనక్కి తిరిగి
దాన్ని నా గుమ్మంలో దించి,
"దుప్పటికి" అన్నాడు.