నవ్వు మీద కుట్టు

ఎన్నికలైన పదో రోజు
ఫ్లెక్సీలు దించడానికి నిచ్చెన మోసుకెళ్ళాం.
ఉలాన్‌బాతర్ పెద్ద రోడ్డు మీద
గెలిచినవాడూ ఓడినవాడూ
ఒకే గాలికి టపటపా కొట్టుకుంటున్నారు.
"కూలి ఎంతిస్తారు?" అన్నాడు తుగుల్దూర్.
గుడ్డే కూలి అన్నాను.

ఇప్పుడు ఫిబ్రవరి. సున్నాకి ముప్పై కింద.
కొండ మీది మా కంటైనర్ గదిలో
మిషన్ నూనె గడ్డకట్టి
చక్రం మూలుగుతుంది.
నూనె సీసాని ఉప్పుటీ గిన్నె పక్కన పెట్టి
పసిబిడ్డలా కాచుకుంటాం.
ఫ్లెక్సీ ఇంకా మొండిది.
చలిలో మడిచామా, అప్పడంలా విరుగుతుంది.
పొయ్యికి జానెడు దూరంలో వేలాడదీసి,
చెంపకి ఆనించి చూసి,
వెచ్చబడ్డాకే కత్తెర.

అనుజిన్ కత్తెర
సరిగ్గా ఒక అభ్యర్థి నోటి దగ్గరే నడిచింది.
పై పెదవి సంచికి ఇటు,
కింది పెదవి అటు,
నడుమ పద్దెనిమిదో నంబరు సూదితో జంటకుట్టు.
"ఇక మాట తప్పడు" అంది.
నవ్వీ నవ్వీ ఆ పూట
ఇంకో సంచి కుట్టలేకపోయాం.

ఇరవై రెండేళ్ళు నేను ఫ్యాక్టరీలో
ఎవరివో కోట్లకి జేబులు కుట్టాను.
ఆ కోటు ఎంతకి అమ్ముతారో
ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.
అందుకే ఈ గదిలో
సూదిలో దారం కంటే ముందు
నోట్‌బుక్ తెరిపిస్తాను.

దారం, ఎనిమిది వందల తుగ్రిక్‌లు.
పట్టీ, కొక్కెం, రెండు వేల మూడొందలు.
తలా ఇంత చొప్పున బొగ్గు, నాలుగొందలు.
ఫ్లెక్సీ, సున్నా.
తుగుల్దూర్ కింద అడ్డగీత గీసి
సంచి ధర నాలుగు వేలన్నాడు, గర్వంగా.

"నీ చేతులెక్కడ?"

నీళ్ళు నమిలాడు.
"అవి ఊరికే వచ్చినవేగా టీచర్."
గుడ్డ ఊరికే వచ్చింది, నువ్వు రాలేదన్నాను.
మీ నానమ్మ ఈ ఏటవాలు మంచు మీద
నీళ్ళ డబ్బాల బండి లాగి లాగి పెంచితే వచ్చావు.
రాయి.
మూడు గంటలని రాశాడు.
కాసేపాగి కొట్టేసి రెండున్నర చేశాడు:
అరగంట ఫోన్ చూశాడట.
ఆ కొట్టివేత చూసి నాకు ముచ్చటేసింది,
పైకి మాత్రం చేతిరాత బాగాలేదన్నాను.

పదిహేను వేల చొప్పున
ఊళ్ళో పుస్తకాల షాపువాళ్ళు ముప్పై తీసుకున్నారు.
నాలుగు తిరిగొచ్చాయి. పట్టీలు ఊడాయి.
నాలుగూ తుగుల్దూర్‌వే.
"దారం వృథా చేయకూడదని
కుట్లు తగ్గించాను టీచర్, పర్యావరణం కోసం."
ఊడిన సంచి మళ్ళీ చెత్తేరా నాయనా,
ఈసారి కుట్టుకూలితో సహా చెత్త.
ఎర్ర పెన్ను ఇచ్చాను. నష్టం వాడే రాసుకున్నాడు.

చీకటి పడేవేళకి నేల నిండా పీలికలు.
వాడు అలవాటుగా గుప్పెడు ఎత్తి
పొయ్యి తలుపు తీశాడు.
ఈ కొండ మీద చలికాలం
టైరు ముక్కైనా చెప్పైనా
మండేదంతా కట్టెలే.
పోయినేడు వాళ్ళ గెర్‌లోనూ అంతే,
చెల్లెలు పదకొండు రాత్రులు
ఆక్సిజన్ గొట్టంతో పడుకునేదాకా.

మంట వెలుగు వాడి గడ్డం మీద ఆడింది.
గుప్పెడు అలాగే ఉంది.
తలుపు మూశాడు.
పీలికలు గోనెలో కుక్కి,
వాటితో ఏం చేయవచ్చో ఇంకా తెలియదు,
అనుజిన్ పెన్సిల్ సంచులంటుంది, నాకు నమ్మకం లేదు,
నోట్‌బుక్ తీసి
కొత్త గడిలో "లేవని పొగ" అని రాసి
నా వైపు తిరిగాడు.
"దీనికెంత వేయాలి టీచర్?"

ఈసారి నీళ్ళు నమిలింది నేను.

మళ్ళీ కుట్టిన నాలుగు సంచులూ భుజాన వేసుకుని
వాడు కొండ దిగుతున్నాడు.
అడుగు జారినప్పుడల్లా
సగం నోళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి.
పట్టీని ఒకటికి రెండుసార్లు
లాగి చూసుకుంటున్నాడు.