సేఫ్టీ వాల్వ్ ఏది?

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
నలభై రూపాయలకు దొరికింది.
ఆవిరితో ఎగిరే కోట, తుమ్మితే మంట ఆరిపోయే డ్రాగన్ ఉన్న నవల.
నాకంటే ముందు ముగ్గురు చదివారు దాన్ని.

పన్నెండో పేజీలో ఆకుపచ్చ సిరా:
"నవ్వు రాలేదు. ఎవరైనా చక్కిలిగిలి పెట్టండి."
నలభయ్యో పేజీలో అదే చెయ్యి
అక్షరాలు చిన్నవి చేసి
"సరే, వచ్చింది" అని ఒప్పుకుంది.

ఇంకొకరు ఏమీ రాయలేదు.
మంత్రగాడు తన గడ్డానికి తాళం వేసి
చెవి పోగొట్టుకున్న చోట
ఇరానీ చాయ్ మరక, గుండ్రంగా,
కప్పు ఎత్తడం మరిచినంత సేపటిది.

మూడోది పెన్సిల్. కాగితం అవతలికి దిగేంత ఒత్తి:
"సేఫ్టీ వాల్వ్ ఏది? ఈ బాయిలర్ పేలుతది.
ముప్పయేండ్లు మౌలాలి షెడ్డుల బొగ్గేసిన, నాకెరుక.
ఇట్లు, లింబయ్య."
అక్కణ్నుంచి అధ్యాయానికో తగువు:
పైపు సన్నం, నీళ్లు చాలవు,
పిస్టన్ తలకిందులు.
నేను తార్నాక దాటిపోయాను, చూసుకోలేదు.
డ్రాగన్ ఎట్లా ఉంటుందని మాత్రం
ఆయన ఒక్కసారీ అడగలేదు.

ఆఖరి పేజీ. కోట ఇంకా గాల్లోనే ఉంది.
కింద, చెరిపి, మళ్లీ చెరిపి,
మసకలో మిగిలిన మాట:
"పేలాలె.
పేలలే.
మంచిగైంది."