వరిగలు నాలుగు మానికలు

కనిగిరి పాత చర్చి పైకప్పు విప్పుతుంటే
దూలం సందులో రేకుపెట్టె దొరికింది.
చెదలు తిన్నంత తిని వదిలేసిన
చందా పుస్తకాలు రెండు.
"సారూ, ఇవి మీకే" అని
మేస్త్రి ఖాజా సిమెంటు చేత్తోనే అందించాడు.

పందొమ్మిది వందల పదిహేడు.
ఆ ఏడు వాన లేదని అంచున రాసుంది.
బోధకుడు ఏలియా చేతిరాత,
ఎదురుగాలిలో నడిచే మనిషిలా ముందుకు వాలి:

అర్మేనియా దిక్కులేని పిల్లల నిమిత్తం
వరిగలు నాలుగు మానికలు.
కోడిగుడ్లు ఏడు, అందులో ఒకటి పగిలినది.
పాలేపోగు సుందరమ్మ, వెండి కడియం, ఒంటిది.

ఒంటిది.
రెండోది అప్పటికే వడ్డీకి పోయుంటుంది.

ఆ దేశం యాడుందో వాళ్ళకెట్టా తెలుసు?
వరద తీశాక ఓడ ఆగిన కొండ ఉందే,
దాని కిందూళ్ళు, అని చెప్పుంటాడు ఏలియా.
ఆమాత్రం చాలింది.
ఆడాళ్ళనీ పిల్లల్నీ ఎడారిలోకి నడిపించారంటే
వివరం అడిగుండరు.
కరువులో వాళ్ళూ నడిచినోళ్ళే.
వెనక తుపాకీ లేదు, అంతే తేడా.
అంతే అనకూడదు.
అదే తేడా.

రాజధానుల్లో మాత్రం వివరంగా తెలుసు.
ఊళ్ళ పేర్లతో, లెక్కలతో తంతులొచ్చాయి.
అందుకున్నవాళ్ళు విచారం వెలిబుచ్చి
అరలో పెట్టారు.
యుద్ధం కానీ, చూద్దాం అన్నారు.
యుద్ధం అయ్యాక, ఇప్పుడెందుకు కదిలించడం అన్నారు.
జరిగినదాన్ని ఏ పేరుతో పిలవాలో తేల్చుకోడానికి
కొందరికి నూరేళ్ళు పట్టింది.
కొందరు ఇంకా నిఘంటువు తిరగేస్తున్నారు.
సుందరమ్మ కడియం తూచడానికి
కంసాలికి ఎంతసేపు పట్టుంటుంది?

ఇక్కడితో ఆపితే బాగుండేది.
మావాళ్ళు మంచోళ్ళు, లోకం చెడ్డది,
పద్యం అయిపోయేది.

రెండో పుస్తకం మా నాన్న చేతిరాత.
వాగవతలి పల్లె తగలబడిన ఎండాకాలం.
నాకప్పుడు పదకొండేళ్ళు.
రాత్రి మూటలతో వచ్చి
మా వాకిట్లో నిలబడ్డారు.
ఎంతమందో చూళ్ళేదు. పిల్లలున్నారు,
దగ్గు వినపడింది.
నాన్న లాంతరు వత్తి తగ్గించాడు.
మేం చేసే కౌలు
ఆ నిప్పు పెట్టినోళ్ళ పొలమే.
"మనకెందుకొచ్చిందే" అన్నాడు అమ్మతో,
కోపంగా కాదు, బతిమాలినట్టు.

ఆ వారం పద్దు వెతికాను.
గోడలకు సున్నం, పద్దెనిమిది రూపాయలు.
చీపుర్లు రెండు.

నాన్నమీదికి నెట్టడం సులువు.
నేను మేలుకునే ఉన్నాను.
తలుపవతల ఒక ఆడగొంతు
దాహం అనడం విన్నాను.
కుండ నా తలగడ పక్కనే ఉంది,
పైన సత్తుగ్లాసు బోర్లించి.
చప్పుడైతే తెలిసిపోతుందని
ఊపిరి కూడా మెల్లగా తీశాను.
తెల్లారేసరికి వాకిట్లో ఎవరూ లేరు.
అమ్మ పాదాల గుర్తులమీద
కళ్ళాపి చల్లింది.

కడియం చేరినట్టు రసీదు ఎక్కడా లేదు.
నాన్న పేజీలో సున్నం కింద
రెండు గీతలు ఖాళీ.
పెన్ను తీశాను.
పేర్లు తెలియవు. లెక్క తెలియదు.
ఏం అని రాయను?

నిచ్చెన మీంచి ఖాజా
"సారూ, కాసిని మంచినీళ్ళు" అన్నాడు.

రెండోసారి అడగాల్సొచ్చింది అతను.