ఖాళీ తూటా

జహ్రాలో రాత్రి పదకొండు.
ఏసీ కింద కాళ్ళు చాపుకోని మిషారి
జపాన్‌లో తిరుగుతాండాడు.

ఆడ వాన పడతాండాది.
రంగు లైట్లన్నీ తడిరోడ్డు మీదికి కారి కలిసిపోతాండాయి.
నూడుల్స్ అంగడి, దాని పక్కన సామాన్లు దాచుకునే ఇనప అరలు,
ఒక అరలో పాత పేపర్లో చుట్టిన పొట్లం.
చాయ్ గ్లాసులు తీసకపోను వచ్చిన నేను
ఆ పొట్లం విప్పేదాకా నిలబడ్నా.

పిస్తోలు.

"ఊబా, చూడు, నిజందే ఇది" అన్నాడు,
సగం అరబ్బీ, సగం నేను నేర్పిన తెలుగు.
ఓబుళమ్మ అనే పేరుకు ఈ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

ఆ దేశంలో తుపాకీ కంటితో చూసినోళ్ళే తక్కువంట.
అందుకే అది బయటికొస్తే
అంతసేపూ కత్తులతో ఎగిరినోళ్ళు గూడా
ఊపిరి బిగబడతారంట.

పిల్లోడు చెప్పింది అబద్ధం కాదు.
పిడి మీద చెయ్యి పట్టీ పట్టీ అరిగిన నునుపు,
నంబరును ఆకురాయితో గీకేసిన చోట తెల్లని గాయం,
పేల్చినప్పుడల్లా పైభాగం వెనక్కి పోయి వచ్చింది,
ఆఖరిది పోయినాక వెనకనే ఆగిపోయింది.
ఎవరో గానీ శానా శ్రద్ధగా చేసినారు.

మా నాయిన కడప ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకులు తుడిచేవోడు.
ముప్పై ఏండ్లు తుడిచినాడు, ఒక్కసారీ పేల్చలే.
గొట్టంలోకి తాడేసి గుడ్డపేలిక లాగి
వెలుతురుకు పట్టి ఒంటికన్నుతో చూసేవోడు.
ఆయన కలిపిన సంగటి ముద్దకు గూడా నూనె వాసన.
నూనె గంగయ్య బిడ్డనంటే
పోలీసు లైన్లో నాకు అంగట్లో అప్పు పుట్టేది.

ఫైరింగు దినం
ఎన్ని ఇస్తే అన్ని ఖాళీ తూటాలు లెక్క అప్పజెప్పాల.
ఒకసారి ఒకటి తగ్గింది.
పొద్దుగూకినాక నాయిన, నేను, ఒక టార్చిలైటు.
గడ్డిలో, పల్లేరుకాయల్లో, ఎలకబొక్కల్లో,
గోరంత ఇత్తడి కోసం తెల్లారేదాకా.
దొరికినాక దాన్ని వాసన చూసి
చొక్కాకు తుడిచి
ఏడ్చినాడు.

ఈడ గూడా ఒకటి పడింది, తడిరోడ్డు మీద.
ఖంగుమనే చప్పుడు గూడా పెట్టినారు.
రెండు దొర్లు దొర్లి మాయమైంది.
"యాడికి పోయింది?" అన్నా.
"ఏది?"
"పడింది గదా, అది."
"అది అంతే, పోతాది."

కోటు తొడుక్కున్న మనిషి వెల్లకిలా పడినాడు.
ఆయనా అంతే, పోయినాడు.
నెత్తురూ పోయింది.
అంత పెద్ద ఊర్లో, అన్ని లైట్లలో
బకెట్టు పట్టుకున్న ఆడమనిషి ఒక్కతీ కనపడలే.
తుపాకీ తుడిచే గంగయ్యా కనపడలే.

ఇంకొకటి పేలింది.
పక్కగదిలో ముసలామె
కిటికీ దగ్గర్నుంచి లేసి గోడవారకు జరిగి కూచుంది,
జపమాల ఆపకుండానే.
ఆమెకు ఆట తెలీదు. చప్పుడు తెలుసు.
మిద్దె మీద పాత నీళ్ళ ట్యాంకికి ఒక చిల్లి,
సరిగ్గా నా చిటికెనవేలు పట్టేంత.
ఇరాకోళ్ళు వచ్చిన ఏడాదిది.
కొత్త ట్యాంకి తెచ్చినారు గానీ
పాతదాన్ని పారెయ్యనియ్యలే ఆమె.
శుక్రవారం శుక్రవారం నేనే తుడుస్తా.

"చప్పుడు తగ్గియ్యి నాయినా."
తగ్గించి, రెండో రిమోటు నా చేతిలో పెట్టినాడు.
"ఒక్కసారి, ఊబా."
తడిచెయ్యి గౌనుకు తుడుచుకోని నొక్కినా.
పట్టుకున్న పిచ్చుక మాదిరి అరచేతిలో వణికింది.
నూడుల్స్ అంగడి బోర్డుకు తగిలింది.
బోర్డుకు ఏమీ కాలే.
అన్నీ పెట్టినారు,
బరువొకటి మరిచిపోయినారు.

తెల్లారి ఆ గది కసువూడుస్తా ఊడుస్తా
సోఫా కిందికి చీపురు పోనిచ్చి
మోకాళ్ళ మీద వంగి చూసినా,
ఒంటికన్నుతో.

మూడు ఖర్జూరం విత్తనాలు.

అరచేతిలోకి తీసుకోని
మళ్ళా ఒకసారి లెక్కబెట్టినా.