నార కూరిన పెట్టెలు

నెల్లిమర్ల గేటు దాటాక మూడో సందులో
మా వరండాలోకి మంగళవారం దిగింది పార్సిల్.
పెట్టెకి ఆరు పలకలు, పెట్టెలు రెండు,
నురుగుషీట్లో చుట్టిన నాలుగు గుండ్రటి నోళ్ళు,
చిన్న సంచిలో మరమేకులు.
లెక్కపెట్టాను. ఒకటి తక్కువ.

ఇరవయ్యేడేళ్ళు మగ్గాల షెడ్డులో ఉన్నవాణ్ణి.
అక్కడ మాటలుండవు, పెదాలుంటాయి.
నూలు తెగిందనడానికి రెండు వేళ్ళు,
మేస్త్రీ వస్తున్నాడనడానికి ఒక కనుబొమ్మ.
మిల్లు గేటుకి తాళం పడ్డనాడు
ఊరంతా సద్దుమణిగిందన్నారు.
నా కుడిచెవిలో మాత్రం
ఇప్పటికీ ఒక షిఫ్టు నడుస్తూనే ఉంది.

"సెవులు లేనోడికి స్పీకర్లేటి,
బోడిగుండుకి దువ్వెన్లాగ" అన్నాడు కూర్మారావు,
అంటూనే నాలుగు క్లాంపులు అరువిచ్చాడు.
ఏం చెప్పను?
చేతులు ఊరికే కూచోనంటున్నాయి.

జిగురు రాసి బిగిస్తే
అంచుల్లో తెల్లగా చెమట పట్టింది.
తడిగుడ్డతో తుడిచాను, పసివాడి మూతి తుడిచినట్టు.
ఒక మూల వెంట్రుకవాసి ఎడం మిగిలింది.
రంపప్పొట్టూ జిగురూ కలిపి నింపాను.
అది నాకు తప్ప ఎవరికీ కనబడదు.
నాకు మాత్రం ఇప్పటికీ అదే కనబడుతుంది.

టేకు రేకు అతికాక ఉప్పుకాగితం.
గరుకుది, నలిగింది, ఆపైన నున్నటిది.
చెక్కకి ఒక దారి ఉంటుంది, దాని వెంటే పోవాలి.
ఎదురెళితే గీత పడుతుంది,
పాలిష్ పడ్డాకే బయటపడుతుంది.

పాతపంచె ఉండతో లక్క పూశాను.
మొదటి పూత తాగేసింది.
రెండో పూతనాడు చంపావతి మీంచి ముసురొచ్చి
నిగనిగలాడాల్సింది పాలిపోయింది,
చలిజ్వరం వచ్చిన మొహంలా.
అరగదీసి, ఎండకోసం నాలుగురోజులు ఆగాను.
ఆ నాలుగురోజులూ మా ఆవిడ
పెట్టెల మీద చీర కప్పి, దాని మీద పప్పు చేట పెట్టింది.

కడుపులో దూది కూరమని ఉంది కాగితంలో,
లోపలి మారుమోత అణగడానికి.
అటక మీంచి దింపాను గోనెమూట.
ఆఖరి జీతం బదులు తెచ్చుకున్న గోగునార,
ఇన్నేళ్ళయినా అదే నూనెవాసన.
చిక్కుతీసి, వేళ్ళతో విప్పి, వదులుగా కూరాను.
నా చెవులు తిన్నావు కదే,
ఇప్పుడీ మోత తిను.

అతుకులు పెట్టింది ఢిల్లేశ్వరి,
ఎదురింటి పిల్ల, ఐటీఐ రెండో ఏడు.
సీసం పొగకి ముక్కు మూసుకుని,
ఎర్రతీగ ఎర్రకి, నల్లది నల్లకి.
ఫోన్లోంచి జముకుల కథ పెట్టింది.
పెద్ద నోరు మీద అరచెయ్యి ఆనించాను,
జముకు నా మణికట్టు దాకా ఎక్కింది.

"తాతా, బాలేదు" అంది.
"కథ సెప్పే ఆవిడ మజ్జిలో లేదు,
గోడల్లోకెళిపోనాది."

ఎడంపెట్టె విప్పాం.
ఎర్ర ఉండాల్సినచోట నల్ల.
ఒకటి ముందుకి తోస్తుంటే ఒకటి వెనక్కి లాగుతోంది,
మోకు చెరోకొసా పట్టుకున్న అన్నదమ్ముల్లా.
తీగలు మార్చింది. బిగించాను,
తక్కువైన మరమేకు చోట నా సైకిలుది.

ఈసారి ఢిల్లేశ్వరి మాట్లాడలేదు.
రెండు పెట్టెల నడుమ
ఖాళీ గోడకేసి చూస్తూ కూచుంది,
అక్కడెవరో నించున్నట్టు.
మా ఆవిడ చేట పట్టుకునే
గుమ్మంలో ఆగిపోయింది.

నాకు జముకు అందింది, గొంతు సగం అందింది.
పైనున్న చిన్ననోరు దగ్గర చెవి పెడితే
ఏమీ లేదు, లక్కవాసన తప్ప.

"గజ్జెలున్నాయేటే?" అన్నాను.
"ఉన్నాయి తాతా, శానా ఉన్నాయి."
"ఎక్కడ?"
నా చెయ్యి లాక్కుని
మణికట్టు మీద చూపుడువేలుతో కొట్టింది,
ఇక్కడ,
ఇదిగో ఇక్కడ,
ఆగు... ఇప్పుడు.