మూడో స్టడ్

ఏప్రిల్ చివరి శనివారం. హాంకాక్ ఊళ్ళో
గరాజ్ గోడవారగా మంచు ఇంకా నల్లబడి కూర్చునే ఉంది,
పొమ్మన్నా పోని చుట్టంలా.
ఎర్ర మాజ్డా కింద ఇర్యా పిన్ని వెల్లకిలా పడుకుంది.
నేను టార్చి.

నాకిచ్చిన ఉద్యోగం అదొక్కటే.
"అక్కడ కాదు. నా చెయ్యి ఉన్నచోట."
చెయ్యి ఎక్కడుందో తెలియాలంటే
ముందు వెలుతురుండాలి కదా అన్నాను.
జవాబు రాలేదు.
కారు కిందనుంచి ఒక రెంచి మాత్రం దొర్లుకుంటూ వచ్చింది.

బండి అడుగంతా ఉప్పు తిన్న ఇనుము.
నట్లకు మూలలు లేవు, తుప్పు బుడిపెలంతే.
చలికాలమంతా కౌంటీ ట్రక్కుతో
రోడ్లమీద ఆ ఉప్పు చల్లేది పిన్నే.
ఎవరు చేసుకున్నది వాళ్ళకి, అని నేననలేదు.
టార్చి పట్టుకున్నవాడికి కొన్ని హక్కులుండవు.

ముందురోజు రాత్రే ఒక్కో నట్టుకీ నూనె పట్టించింది,
పసిపిల్ల మాడుకు అద్దినట్టు.
పొద్దున మళ్ళీ. కాఫీ తాగి మళ్ళీ.
హీట్ షీల్డ్ ఊడొచ్చింది.
ఆక్సిజన్ సెన్సర్ ఒక్క మూలుగు మూలిగి వదిలింది.
ఒకటో నట్టు. రెండోది.
మూడోది తిరిగింది, హాయిగా,
వెన్నలో వేలు పెట్టినట్టు

టక్.

ఆ మెత్తదనానికే భయపడాలట.
మొండికేసినంతసేపూ ఇనుము మనతో మాట్లాడుతున్నట్టే,
ఊరికే ఒప్పుకుందంటే తెగుతున్నట్టు.
పిన్ని తిట్టింది ఫిన్నిష్‌లో.
అర్థం తెలియలేదు, బరువు తెలిసింది.

పక్కింటి క్లోవిస్ బోషాం వెల్డింగ్ మిషను తోసుకొచ్చాడు,
మోచేతులకింకా పిండి. బేకరీ ఆయనది.
విరిగిన మొండెం మీద కొత్త నట్టు పెట్టి అతికించారు.
"కళ్ళు మూసుకో" అన్నారిద్దరూ ఒకేసారి.
రెప్పల వెనక ఎర్రగా ఒక పొద్దు పొడిచి ఆరింది.
ఎర్రటి వేడి మీదే రెంచి వేసి
పావు చుట్టు ముందుకి, అరచుట్టు వెనక్కి,
పన్ను ఊడదీసే ఓపికతో
లాగారు దాన్ని బయటికి. చిటికెన వేలంత లేదు.
దానికోసమా మధ్యాహ్నమంతా!

పాత మానిఫోల్డ్ బల్లమీద తిరగేస్తే
రెండో గొట్టానికీ మూడోదానికీ నడుమ
వెంట్రుకంత పగులు.
చల్లగా ఉంటే టిక్ టిక్ టిక్,
వేడెక్కితే మూసుకుపోయి మౌనం.
ఆరేళ్ళుగా "ఇంజెక్టర్ల చప్పుడులే" అంటున్న పిన్ని
దాన్ని గోటితో ఒకసారి గీరి
ఏమీ అనలేదు.

కొత్త హెడర్ అట్టపెట్టెలోంచి లేచింది.
నాలుగు గొట్టాలు,
జడ అల్లబోయి ఎవరో పిలిస్తే వదిలేసినట్టు.
పైనుంచి దించితే బ్రేకు గొట్టం అడ్డు.
కిందనుంచి ఎత్తితే స్టీరింగ్ కడ్డీ అడ్డు.
తిప్పి, వంచి, మూడు కొలతలు తప్పి,
విసుగొచ్చి వదిలేద్దామనుకున్న క్షణాన
తనంతట తనే కూర్చుంది.
గాస్కెట్, నట్లు, నడిమినుంచి అంచులకి బిగింపు.

ఆఖర్న స్పిరిటు గుడ్డతో గొట్టాలన్నీ తుడవమంది నన్ను.
చేతి జిడ్డు మిగిలితే
మొదటి వేడికే ఉక్కులో అచ్చుపడుతుందట,
ఇక పోదట.
తుడిచాను. అన్నీ.
నాలుగో గొట్టం వంపు కిందొక్కటీ తప్ప.

తాళం తిప్పింది.
ముందు పొగ, మాడిన నూనె కంపు, ఇద్దరికీ దగ్గు.
ఆ తరవాత ఉక్కు తేనెరంగుకి తిరిగి,
వంపుల దగ్గర వంకాయరంగు పట్టి,
శబ్దం. టిక్ లేదు.
ఆ నెలలోనే పగిలి లావైన నా గొంతులాగే
ఎక్కడో కిందనుంచి, తనకే కొత్తగా.

సోమవారం ఎనిమిదైనా బేకరీ తలుపు తియ్యలేదు.
వీధంతా రొట్టె లేకుండా నిలబడింది.
తొమ్మిదింటికి క్లోవిస్, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని
మా గుమ్మంలోకొచ్చాడు:
"నాలుగున్నరకి నీ బండి టిక్ టిక్ వినే కదా
ఆరేళ్ళుగా లేస్తున్నాను! ఇప్పుడది
జోలపాడుతోంది!"

పిన్ని లోపలికెళ్ళి
పాత మానిఫోల్డ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.
బేకరీ తలుపు గాలికి మూసుకోకుండా
ఇప్పటికీ అదే అడ్డం.